తొమ్మిదేళ్ల గేమింగ్ కంప్యూటర్: పారేయమంటున్నారు, నాకు మనసు రావడం లేదు

కావలి_కెరటం
2017లో కట్టించిన కంప్యూటర్. ఐ5 7400 ప్రాసెసర్, బీ250 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ (ఒకటే స్టిక్కు), 3 జీబీ జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ హార్డ్ డిస్క్. పవర్ సప్లై మీద 450 వాట్లని రాసి ఉంది గానీ ఆ కంపెనీ పేరు నేను మరెక్కడా వినలేదు. ఆ ఏడాది మా రొయ్యల చెరువు బాగా పండింది. పట్టుబడి డబ్బు చేతికి వచ్చిన వారంలోనే నాన్న నన్ను వెంటబెట్టుకుని వెళ్లి కొనిచ్చారు.

ఇప్పుడు స్విచ్ వేస్తే తెర మీద బొమ్మలన్నీ రావడానికి నాలుగు నిమిషాలు పడుతోంది. కౌంటర్ స్ట్రైక్ 2 అనే పోటీ కాల్పుల ఆటలో ఎవరైనా పొగ బాంబు వేస్తే ఆట ఆగి ఆగి కదులుతోంది. అరగంట ఆడితే ఒక్కోసారి దానంతట అదే ఆరిపోతోంది. షాపుకు తీసుకెళితే మూత కూడా తీయలేదు. "పాత సామాను, 80 వేలు పెట్టి కొత్తది తీసుకోండి, దీనికి మూడు వేలు ఇస్తాం" అన్నారు.

నా దగ్గర 25 వేలు ఉన్నాయి. ఈసారి చెరువులో తెల్లమచ్చల తెగులు వచ్చింది, ఇంట్లో ఒక్క రూపాయి అడగను. ఇందులోనే ఏమైనా చేయగలనా, లేక వచ్చే ఏడాది దాకా దాచుకుని కొత్తది కొనాలా?

బుజబుజ_నెల్లూరు
మూత తీయకుండా ధర కట్టిన చోటికి మళ్లీ వెళ్లకండి. మూడు వేలా? ఆ ర్యామ్, కార్డు విడివిడిగా అమ్మినా అంతకు మించి వస్తుంది.

చీమకుర్తి_రాయి
అరగంటకు ఆరిపోతోందంటే ముందు వేడి సంగతి చూడండి. డబ్బు ఆ తర్వాత.

మా ఇంటికి అర కిలోమీటరులో గ్రానైట్ కోత మిల్లు. బ్లాక్ గెలాక్సీ రాయి ప్రపంచమంతా వెళుతుంది, దాని పొడి మాత్రం మా ఇళ్లలోనే ఉండిపోతుంది. 2023 మే నెలలో నా కంప్యూటరూ మీదానిలాగే ఇరవై నిమిషాలకు ఆరిపోయేది. ప్రాసెసర్ పోయిందనే అనుకున్నాను. ఫ్యాను ఊడదీసి చూస్తే కింద అల్యూమినియం రెక్కల మధ్య దుమ్ము గుడ్డలా అల్లుకుపోయి ఉంది. గాలి పోయే సందే లేదు. ప్రాసెసర్ వేడిని ఆ రెక్కలకు చేర్చే థర్మల్ పేస్టు ఎండి సున్నంలా రాలింది. అంతా శుభ్రం చేసి కొత్త పేస్టు రాశాక 97 డిగ్రీలు చూపించినది 68కి దిగింది. ఖర్చు 300 రూపాయలు.

చేసేటప్పుడు జాగ్రత్తలు: ప్లగ్ పీకి, మేడ మీదకు తీసుకెళ్లి చేయండి. బ్లోయరుతో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి. గాలికి దాన్ని ఇష్టమొచ్చినట్టు తిరగనిస్తే బేరింగు పోతుంది. పేస్టు బఠాణీ గింజంత చాలు. ఇంటెల్ వాళ్ల ఫ్యానుకు నాలుగు మూలలా ప్లాస్టిక్ పిన్నులు ఉంటాయి, నాలుగూ టక్కుమని దిగాయో లేదో బోర్డు వెనక నుంచి చూడండి. ఒక్కటి వదులుగా ఉన్నా పడ్డ శ్రమంతా వృథా. పవర్ సప్లై డబ్బాను మాత్రం విప్పకండి. ప్లగ్ పీకేసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

మైపాడు_అల
దానికి తోడు మనది సముద్రపు గాలి. ర్యామ్ స్టిక్కు తీసి బంగారు రంగు కాళ్లు చూడండి. మసకబారి ఉంటే పెన్సిల్ చెరిపే రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి మళ్లీ పెట్టండి. మా ఇంట్లో ఏటా రెండుసార్లు ఈ పని ఉంటుంది. ఉప్పుగాలికి నా పాత బోర్డు ఒకటి పూర్తిగా పోయింది కూడా.

ఒంగోలు_గిత్త
దుమ్ము దులపండి, కాదనను. కానీ అసలు సంగతి ఎవరూ అనడం లేదు. ఐ5 7400లో నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), నాలుగే థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు). 2017 జనవరిలో వచ్చినప్పుడు అది చాలింది, ఇప్పటి ఆటలకు చాలదు. పైగా ఇంటెల్ ఏడో తరం కాబట్టి విండోస్ 11 అనుమతించే జాబితాలో లేదు. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఈ బోర్డు మీద పెట్టే ప్రతి రూపాయీ ఇసుకలో పోసిన నీరే. ప్రాసెసర్, బోర్డు రెండూ మార్చాలి.

టంగుటూరు_టవర్
బోర్డు మార్చడం ఎందుకు? ఎనిమిదో తరం ఐ5 8400లో ఆరు కోర్లు ఉన్నాయి, అది కూర్చునే సాకెట్ కూడా అదే ఎల్‌జీఏ 1151. పాతది తీసి కొత్తది పెడితే సరిపోతుంది. విండోస్ 11 కూడా ఎక్కుతుంది.

నిమ్మతోట_గూడూరు
టవర్ గారూ, దయచేసి ఆ సలహా వెనక్కి తీసుకోండి. ఎవరైనా నమ్మి కొంటే డబ్బు పోతుంది. సాకెట్ పేరు ఒకటే, కాళ్ల సంఖ్యా ఒకటే, కానీ ఎనిమిదో తరానికి 300 సిరీస్ బోర్డు కావాలి. బీ250లో పెడితే కంప్యూటర్ లేవదు. కొన్ని కాళ్ల పని మార్చేశారు. మా అన్నయ్య 2018లో ఇదే పొరపాటు చేసి, ప్రాసెసర్ వెనక్కి ఇవ్వలేక బోర్డు కూడా కొన్నాడు.

గిత్త గారి మాటలో నిజం ఉంది గానీ, రోగం తెలియకుండా శస్త్రచికిత్స అంటున్నారు. కెరటం గారూ, మీ కంప్యూటర్ మొత్తం ఒకేసారి ముసలిదైపోలేదు. ఏదో ఒకటి రెండు చోట్ల గొంతు పట్టుకుంది. అదెక్కడో మీరే తెలుసుకోవచ్చు. శుభ్రం చేశాక ఈ మూడు చూసి ఇక్కడ రాయండి.

మొదటిది: ఆన్ చేసిన వెంటనే టాస్క్ మేనేజర్ తెరిచి డిస్క్ వరుస చూడండి. 100 శాతం దగ్గరే కూర్చుంటే ఆ నాలుగు నిమిషాల ఆలస్యం హార్డ్ డిస్క్ వల్లే. రెండోది: ఆట నడుస్తుండగా కార్డు ఎంత శాతం పని చేస్తోంది, ప్రాసెసర్ ఎంత చేస్తోంది? కార్డు 95 దాటి ఉంటే కార్డే అడ్డు. కార్డు సగం ఖాళీగా ఉండి ప్రాసెసర్ 100 చూపిస్తే ప్రాసెసర్ అడ్డు. మూడోది అన్నిటికంటే తేలిక: ఆటలో రిజల్యూషన్ (బొమ్మలోని చుక్కల సంఖ్య) 1080 నుంచి 720కి తగ్గించండి. సెకనుకు వచ్చే ఫ్రేములు (బొమ్మలు) బాగా పెరిగితే కార్డుదే లోపం. కదలకుండా అక్కడే ఉంటే ఎంత ఖరీదైన కార్డు తెచ్చి పెట్టినా లాభం లేదు.

టంగుటూరు_టవర్
నిమ్మతోట గారూ, మీరు చెప్పింది సరైనది. వెతికి చూశాను. నా సలహా ఎవరూ పాటించకండి.

పలక_మార్కాపురం
ఇవన్నీ ఎందుకండీ, మంచి కార్డు ఒకటి వేస్తే సగం బాధ తీరుతుంది. ఆర్ఎక్స్ 6600 తీసుకోండి. 8 జీబీ మెమరీ, 132 వాట్లే తింటుంది.

ఒంగోలు_గిత్త
పలక గారూ, మా ఊరి గిత్తను తెచ్చి బక్క ఎద్దుతో జత కడితే బండి ఎవరి నడక నడుస్తుంది? బక్క ఎద్దు నడకే కదా.

పలక_మార్కాపురం
నా బండిలో బక్క ఎద్దే ఉంది మరి. నాదీ ఏడో తరమే, 6600 వేశాను. ఒంటరిగా ఆడే పెద్ద ఆటలు 1080లో చక్కగా నడుస్తున్నాయి. నేను పోటీ ఆటలు ఆడను. నాకు 200 ఫ్రేములు అక్కర్లేదు, 60 చాలు. ఏ ఆట ఆడతారన్నది అడగకుండా కార్డు దండగ అనకండి.

నిమ్మతోట_గూడూరు
ఈ మాట న్యాయం. ఇంకొకటి: పాత బోర్డులో కార్డుకు డేటా వెళ్లే దారి పాతరకం, పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0. 6600 ఆ దారిలో ఎనిమిది లేన్లు (వరుసలు) వాడుతుంది కాబట్టి పెద్దగా నష్టపోదు. చవకగా ఉందని 6500 ఎక్స్‌టీ కొనకండి, అది నాలుగే లేన్లు వాడుతుంది. పాత బోర్డు మీద స్పష్టంగా వెనకబడుతుంది.

పెన్నా_ఒడ్డు
అందరూ వేగం గురించే మాట్లాడుతున్నారు. నేను ఆ పేరు లేని పవర్ సప్లై దగ్గరే ఆగిపోయాను. అది ఉండగా కొత్త భాగం ఏదీ కొనవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

2021లో నాకూ అలాంటిదే ఉండేది. డబ్బా మీద 500 వాట్లని పెద్ద అక్షరాలు. వేసవిలో ఒక సాయంత్రం కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయి వచ్చింది. చిన్న చప్పుడు, కాలిన వాసన. పవర్ సప్లై ఒక్కటే పోతే బాధ లేదు, బోర్డునూ హార్డ్ డిస్కునూ తీసుకుపోయింది. ఆ డిస్కులో మా అమ్మ చివరి ఫొటోలు ఉన్నాయి. సగమే వెనక్కి వచ్చాయి. అందుకే ఈ విషయంలో నేను పట్టుబడతాను, ఏమీ అనుకోకండి.

కొనేటప్పుడు మీద ఉన్న పెద్ద అంకె చూడకండి. పక్కన అంటించిన పట్టికలో 12 వోల్టుల వరుసలో ఎన్ని ఆంపియర్లో చూడండి. ప్రాసెసరూ కార్డూ తాగేది ఆ వరుస నుంచే. దాన్ని 12తో గుణిస్తే వచ్చేదే మీకు పనికొచ్చే శక్తి. కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు, 550 వాట్లు, ఐదేళ్ల వారంటీ ఉన్నది తీసుకోండి. కార్డుకు వెళ్లే తీగకు 6+2 కాళ్ల కనెక్టర్ ఉండాలి. మీ 1060కి 6 కాళ్లు చాలు, రేపు 6600 లాంటిది వేస్తే 8 కావాలి.

తర్వాత ఎర్తింగ్. క్యాబినెట్ ఇనుము ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయా? అయితే ఇంటికి ఎర్తింగ్ లేదు, లేదా ఉన్నా పని చేయడం లేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలిపించండి, రెండు మూడు వోల్టులు దాటకూడదు. మా ఇంట్లో 40 వచ్చింది. పెరట్లో గొయ్యి తవ్వించి ఉప్పు, బొగ్గు పోయించి కొత్తది పెట్టించాను. వేసవిలో ఆ గోతిలో వారానికో బిందె నీళ్లు పోస్తాను.

చీమకుర్తి_రాయి
పెన్నా అన్నా, ఆ ఫొటోల మాట చదివి ఇప్పుడే నావన్నీ వేరే డిస్కులోకి కాపీ చేస్తున్నాను.

బుజబుజ_నెల్లూరు
యూపీఎస్ ఉన్నవాళ్లూ ఒకసారి లెక్క వేసుకోండి. 600 వీఏ అని రాసి ఉన్నవి సాధారణంగా 360 వాట్లే ఇస్తాయి. ఆట మధ్యలో కరెంటు పోతే పెద్ద కార్డు ఉన్న కంప్యూటర్‌ను అది మోయలేక ఠక్కున ఆపేస్తుంది. యూపీఎస్ పాడైందనుకుని మార్చినవాళ్లు నాకు తెలుసు.

కావలి_కెరటం
ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. ఆదివారమంతా దీని మీదే ఉన్నాను. ఫలితాలు ఇవి.

రెక్కల మధ్య దుమ్ముతో పాటు ఎండిన బల్లి ఒకటి దొరికింది. ఒక పిన్ను నిజంగానే ఊడి ఉంది. శుభ్రం చేయక ముందు ప్రాసెసర్ 98, చేశాక ఆటలో 71. రెండు గంటలు ఆడినా ఆరిపోలేదు!

ఆన్ చేశాక డిస్క్ మూడు నిమిషాలకు పైగా 100 దగ్గరే ఉంది. కౌంటర్ స్ట్రైక్ 2లో ప్రాసెసర్ 100, కార్డు 55 నుంచి 60. 720కి తగ్గిస్తే ఫ్రేములు కదలలేదు. ఫోర్జా హొరైజన్ 5 కార్ల ఆటలో మాత్రం కార్డు 99, దాని 3 జీబీ మెమరీ నిండిపోయింది. ర్యామ్ రెండు ఆటల్లోనూ 8కి 7.6 దాకా వెళ్లింది. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది. ఇన్నాళ్లూ అది మామూలే అనుకున్నాను. రేపు ఎలక్ట్రీషియన్ వస్తున్నాడు.

నేను ఎక్కువగా ఆడేది కౌంటర్ స్ట్రైకే. ఫోర్జా నెలకోసారి.

ఒంగోలు_గిత్త
చూశారా, ప్రాసెసరే.

నిమ్మతోట_గూడూరు
అవును, ఈ ఆటకు మీరన్నదే నిజమైంది. ఒప్పుకుంటున్నాను. కానీ వరుస మాత్రం ఇలా ఉండాలి. ముందు ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని వేగమైన డిస్క్), రెండో ర్యామ్ స్టిక్కు, పవర్ సప్లై. ఈ మూడూ రేపు ఏ బోర్డు వేసినా వెంట వస్తాయి, ఒక్కటీ వృథా కాదు. 7200 చుట్ల హార్డ్ డిస్క్ వరసగా చదివితేనే సెకనుకు 150 ఎంబీ అటూఇటూ ఇస్తుంది, చిన్న చిన్న ఫైళ్లకైతే బాగా పడిపోతుంది. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ 500 దాటుతుంది. మీ నాలుగు నిమిషాలు అరనిమిషం లోపు వచ్చేస్తాయి.

రెండో స్టిక్కు కేవలం 16 జీబీ కోసం కాదు. ఒక్క స్టిక్కుతో ప్రాసెసర్‌కు మెమరీ నుంచి ఒకటే దారి, రెండు పెడితే రెండు దారులు. ప్రాసెసర్ అడ్డుపడే ఆటల్లో ఆ తేడా కంటికి కనిపిస్తుంది.

సోమశిల_నీళ్లు
ఎవరైనా పాత ఐ7 7700 ప్రాసెసర్ గురించి చెబుతారనుకున్నాను. అది ఈ బోర్డులోనే కూర్చుంటుంది. నాలుగు కోర్లే అయినా ఎనిమిది థ్రెడ్లు.

ఒంగోలు_గిత్త
కూర్చుంటుంది. కానీ ఈ బోర్డుకు అదే చివరి మెట్టు కాబట్టి పాతదానికి కూడా ఎక్కువే అడుగుతారు. అదీ విండోస్ 11 జాబితాలో లేదు. ఆ డబ్బుకు ఇంకొంత కలిపితే ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 5 5600 వస్తుంది. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, ఫ్యాను పెట్టెలోనే ఉంటుంది. ముఖ్యంగా అది డీడీఆర్4 రకం ర్యామే వాడుతుంది, మీ దగ్గరున్నదే పెట్టుకోవచ్చు. 2025 చివరి నెలల నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ ధరలు ఎలా ఎక్కాయో అందరం చూస్తున్నాం. కొత్త కంప్యూటర్ అంటే డీడీఆర్5 కొనాలి. మీ పాత స్టిక్కును ఇప్పుడు బంగారంలా చూసుకోండి.

దానికి బోర్డు బీ450 గానీ బీ550 గానీ తీసుకోండి. ఒక మెలిక ఉంది: చాలాకాలం అల్మరాలో ఉన్న బోర్డయితే దాని బయోస్ (ఆన్ చేయగానే బోర్డును లేపే ప్రోగ్రాం) 5600ను గుర్తించదు. అక్కడే పెట్టించి, తెర మీద బయోస్ కనిపించాకే డబ్బు ఇవ్వండి.

బుజబుజ_నెల్లూరు
నెల్లూరులో దొరకకపోతే చెన్నై రిచీ స్ట్రీట్. సెంట్రల్‌లో దిగితే దగ్గరే. ఆదివారం వెళ్లకండి, చాలా దుకాణాలు మూసి ఉంటాయి. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి. లేకపోతే వారంటీ అడిగే దిక్కు ఉండదు.

పలక_మార్కాపురం
కార్డు మాటేమిటి మరి? 1060కి కొత్త డ్రైవర్లు (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) 2025 అక్టోబర్‌తో ఆపేశారు, ఇక 2028 అక్టోబర్ దాకా భద్రతా సవరణలు మాత్రమే. డూమ్ ద డార్క్ ఏజెస్ లాంటి ఆటలకు రే ట్రేసింగ్ (వెలుతురు దారిని లెక్కగట్టి చూపడం) ఉన్న కార్డు తప్పనిసరి, 1060 మీద అసలు తెరుచుకోవు.

నిమ్మతోట_గూడూరు
నిజమే, ఎప్పటికైనా మార్చాలి. కానీ కెరటం గారు ఆడే ఆటలో ఆ కార్డు సగం ఖాళీగా కూర్చుంది. దాన్ని ఆఖరున పెట్టుకోవచ్చు. వచ్చే పంటకు చూసుకుంటారు.

సోమశిల_నీళ్లు
అప్పుడు పాత కార్డు కొంటే జాగ్రత్త. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే డిజిటల్ నాణేన్ని గ్రాఫిక్స్ కార్డులతో సంపాదించే మైనింగ్ ఆగిపోయాక రాత్రింబవళ్లు నడిచిన కార్డులు బయటికి వచ్చాయి. మైనింగులో నడిచిందని ప్రతిదీ చెడ్డది కాదు. ఫ్యాన్లు చప్పుడు చేస్తున్నాయా, స్క్రూల మీద గీతలున్నాయా చూసి, మన కళ్ల ముందు అరగంట ఆట నడిపించాకే కొనాలి. పాత కార్డుకు పెద్ద కార్డు పేరు ఎక్కించి అమ్మేవాళ్లూ ఉన్నారు, జీపీయూ జెడ్ అనే ప్రోగ్రాం తెరిస్తే బయటపడుతుంది.

కావలి_కెరటం
లెక్క వేశాను. ఎస్‌ఎస్‌డీ, పవర్ సప్లై, 5600, బోర్డు కలిపితే 25 వేలకు అటూఇటూ వస్తోంది. రెండో ర్యామ్ స్టిక్కు దగ్గరే ఆగిపోయాను. ఇప్పుడున్న ధరకు అది నా చేతికి అందదు. కార్డు తర్వాత చూసుకుంటాను. విండోస్ సంగతి ఎలా?

నిమ్మతోట_గూడూరు
బోర్డు మార్చే ముందే మీ విండోస్ లైసెన్సును మైక్రోసాఫ్ట్ ఖాతాకు కలుపుకోండి, లేకపోతే కొత్త బోర్డు మీద మళ్లీ లైసెన్సు కీ అడుగుతుంది. పాత డిస్కును కాపీ చేయకండి, ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ 11 కొత్తగా ఎక్కించండి. బయోస్‌లో టీపీఎం, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ ఆన్‌లో ఉండాలి. వాలరంట్ లాంటి ఆటలు విండోస్ 11 మీద అవి లేకపోతే తెరుచుకోవు. బోర్డు కొనడం ఆలస్యమైతే కంగారు పడకండి, విండోస్ 10కి పొడిగించిన భద్రతా సవరణలు 2026 అక్టోబర్ 13 దాకా ఉన్నాయి. వాటికి పేరు నమోదు చేసుకోవాలి.

మైపాడు_అల
కెరటం గారూ, పైన చెప్పాను కదా, ఉప్పుగాలికి పోయిన బోర్డు. దాని మీద ఉన్నది ఐ3 7100. ప్రాసెసర్ బాగానే ఉంది, పెట్టుకోవడానికి బోర్డు లేదు. మీ బీ250 అందుకు సరిగ్గా సరిపోతుంది. మా చెల్లెలి చదువుకు అంతకు మించి అవసరం లేదు. నా దగ్గర 8 జీబీ డీడీఆర్4 స్టిక్కు ఒకటి అదనంగా ఉంది, 2400 వేగం. బోర్డుకు స్టిక్కు, సరేనా?

కావలి_కెరటం
సరేనా అని అడుగుతున్నారా! కానీ బోర్డు తీయడానికి నాకు ఇంకో రెండు వారాలు పడుతుంది, కొత్తది వచ్చాకే కదా.

మైపాడు_అల
స్టిక్కు ముందు తీసుకెళ్లండి. బోర్డు తీశాక ఇవ్వండి.

నిమ్మతోట_గూడూరు
రెండు వేర్వేరు కంపెనీల స్టిక్కులు కదా, పెట్టాక ఒక రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ నడపండి. ఒక్క తప్పు చూపించినా ఇక్కడ రాయండి.

చీమకుర్తి_రాయి
అల గారూ, ఆ బోర్డు సాకెట్ మీద మూత పెట్టి తెచ్చుకోండి. దాని కాళ్లు సాకెట్‌లోనే ఉంటాయి, వేలు తగిలితే వంగిపోతాయి.

కావలి_కెరటం
ఎలక్ట్రీషియన్ వచ్చి వెళ్లాడు. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 62 వోల్టులు. పెన్నా అన్నా, నాన్న పెరట్లో గొయ్యి తవ్వుతున్నారు. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ మోటార్లకు కూడా కొలిపిస్తానంటున్నారు.

పెన్నా_ఒడ్డు
తప్పకుండా కొలిపించమనండి. నీళ్లలో దిగే మనిషికి అది మరీ ముఖ్యం.

మైపాడు_అల
శనివారం సాయంత్రం నెల్లూరు ఆర్టీసీ బస్టాండు, కావలి బస్సులు ఆగే చోట ఉంటాను. నీలం చొక్కా. స్టిక్కును పత్రికలో చుట్టకుండా దాని ప్లాస్టిక్ పెట్టెలోనే తెస్తున్నాను.

కావలి_కెరటం
ఐదు గంటల బస్సులో వస్తున్నాను. నాన్న మీ ఇంటికి రొయ్యలు పంపుతామంటున్నారు, తెల్లమచ్చ రాని రెండో చెరువువి.